మంచం పట్టిన పెద్దవాళ్ల ఇళ్లకు వెళ్లి అసలు మేం ఏం చేయాలి?

నకిరేకల్ పోరడు:

అందరికీ నమస్తే. మాది నకిరేకల్ దగ్గర ఒక ఊరు. ఏడుగురం ఉన్నాం. ఒకడు ఎలక్ట్రీషియన్, ఒకడికి ఆటో ఉంది, ఇద్దరు గ్రూప్స్ ప్రిపరేషన్ అంటూ నాలుగేళ్లుగా ఇంటి దగ్గరే ఉన్నారు, ఒక చెల్లె అంగన్‌వాడీలో చేస్తుంది, ఆమె ఫ్రెండ్ ఇంకొకామె, నాది మెడికల్ షాపు. ఇన్నాళ్లూ వినాయకుడి మండపం, కరోనా అప్పుడు కూరగాయలు పంచడం, ఇవే చేశాం. ఈసారి కొంచెం పనికొచ్చేది చేద్దామని ఊళ్లో మంచం పట్టిన ముసలివాళ్లు ఎందరున్నారో లెక్క తీశాం. ఆశా అక్కను అడిగి, నా షాపులో పెద్దవాళ్ల డైపర్లు కొనేవాళ్లను గుర్తు చేసుకుంటే పద్నాలుగు ఇళ్లు తేలాయి. మా ఊరెంత, పద్నాలుగా అని మేమే నోరు తెరిచాం.

మొదటి ఆదివారం పండ్లు, బ్రెడ్డు, హార్లిక్స్ సీసా పట్టుకుని బయల్దేరాం. మూడో ఇంట్లో అత్తకు పెరాలసిస్ వచ్చి రెండేళ్లయింది, కోడలు ఒక్కతే చూసుకుంటుంది, కొడుకు లారీ మీద పోతాడు. సంచి ఇస్తూ "ఒక్క ఫోటో అక్కా" అని మావాడు ఫోన్ తీశాడు. ఆమె సంచి అందుకోలేదు. "పండ్లు ఎవరు తింటరు తమ్మీ, ఆమెకు మింగుడే పడదు. ఏడుగురొచ్చిండ్రు గదా, ఒక్కరు గీడ రెండు గంటలు కూసోండ్రి, నేను తలకు పోసుకొని, పోయి రేషన్ బియ్యం తెచ్చుకుంట" అంది.

మేం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఎవ్వరం కూర్చోలేదు. సిగ్గు విడిచి చెబుతున్నా, భయమేసింది. ఆమెకు దగ్గొస్తే ఏం చేయాలి, ఒంటికి రెంటికి అయితే ఏం చేయాలి? "మళ్లొస్తం అక్కా" అని వచ్చేశాం. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఆ రెండు గంటలు కూర్చోవాలంటే ముందు ఏం నేర్చుకోవాలి? ఏం ముట్టుకోకూడదు? హైదరాబాద్‌లో ఉన్న మా ఊరివాళ్లు డబ్బులు పంపుతామంటున్నారు, కానీ ఫోటోలు అడుగుతున్నారు, దానికేం చేయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

పాలమూరు సిస్టరమ్మ:

తమ్మీ, ఆ కోడలు మీకు సిలబస్ మొత్తం ఒక్క మాటలో చెప్పేసింది, ఫీజు లేకుండా. నేను పాలమూరులో ఇరవై రెండేళ్లు స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నాకు తెలిసింది చెప్తాను.

ముందు ముట్టుకోకూడనివి. ముక్కు గొట్టంలో ఆహారం పోయడం, ఇన్సులిన్ ఇవ్వడం, పుండ్లకు కట్టు కట్టడం, యూరిన్ పైపు మార్చడం, ఇవి మీవి కావు. మింగుడు పడని మనిషికి తినిపించేది కూడా ఇంటివాళ్లకే వదిలేయండి. పాపం దాహంగా ఉందేమో అని పడుకున్న మనిషి నోట్లో గ్లాసుతో నీళ్లు పోస్తారు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి, వారం తిరగకముందే నిమోనియా. మీరు కూర్చున్న రెండు గంటల్లో పెదాలు ఎండితే తడిగుడ్డతో అద్దండి, చాలు.

నేర్చుకోవాల్సింది ఒకటే, పక్క తిప్పడం. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పాలి. చెయ్యి పట్టి గుంజితే పెరాలసిస్ వచ్చిన చెయ్యి భుజం దగ్గర జారిపోతుంది. పాత నూలు చీర నాలుగు మడతలు వేసి, భుజాల నుంచి తొడల దాకా ఒంటి కింద పరచండి. అది ఎప్పుడూ అక్కడే ఉండనివ్వండి. ఇటొకరు అటొకరు నిలబడి, చీర అంచుల్ని ఒంటికి దగ్గరగా చుట్టి పట్టుకుని, "అమ్మా, తిప్పుతున్నం" అని చెప్పి (మాట పోయినా వినపడుతుంది, చెప్పకుండా తిప్పితే ఉలిక్కిపడి బిగుసుకుపోతారు), ఒకేసారి లేపి జరపాలి. ఈడ్చకూడదు, ఈడిస్తే చర్మం లేస్తుంది. పక్కకు తిప్పాక వీపుకు ఒక మెత్త, మోకాళ్ల మధ్య ఒకటి, మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద ఇంకొకటి.

తిప్పినప్పుడే నడుం కింద ఎముక దగ్గర, తుంటి మీద, మడమల మీద చూడండి. పుస్తకాల్లో ఎర్రగా ఉంటుందని రాస్తారు కానీ మనవాళ్ల ఒంటి మీద ఎరుపు ఎక్కడ కనబడుతుంది. చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా, వెచ్చగా, కొంచెం గట్టిగా తగులుతుంది. అది పుండుకు మొదలు. దాని మీద నూనె పోసి రుద్దుతారు చూడండి, అది అస్సలు చేయొద్దు, ఆ చోటు మీద బరువు పడకుండా చూసి ఏఎన్ఎంకు (మీ ఊరి సబ్ సెంటర్ నర్సుకు) చెప్పండి. యూరిన్ బ్యాగు ఎప్పుడూ మంచం కంటే కిందనే వేలాడాలి. తిప్పేటప్పుడు దాన్ని తీసి పొట్ట మీద పెడతారు, ఆ మురికంతా వెనక్కి పోతుంది. నవారు మంచమైతే నడుం గుంతలోకి దిగుతుంది, వీలైతే కింద చెక్క వేయించండి.

మన రాష్ట్రంలో మొదట చేవెళ్లలో పెట్టి తర్వాత జిల్లాలకు పెంచిన పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బుల్లో నొప్పి, బాధ తగ్గించే వైద్యం) విభాగాలు ఉన్నాయి, వాళ్ల 'ఆలన' బండిలో నర్సు ఇంటికే వస్తుంది. జిల్లా ఆసుపత్రికి ఒకసారి వెళ్లి అడగండి, వాళ్ల దగ్గరే ఒక పూట కూర్చుని చీర పద్ధతి చేతులతో నేర్చుకోండి, నేను రాసింది చదివి చేయొద్దు.

మాజీ కోడలు, మిర్యాలగూడ:

మాజీ అంటే విడాకులు కాదు, మా అత్తమ్మ పోయినేడు పోయారు. ఎనిమిదేళ్లు చూసుకున్నాను.

అన్నా, మీ ఊరి అక్క మొహమాటపడకుండా అడిగింది, ఆమెకు దండం పెట్టాలి. నేనైతే ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేకపోయాను. వచ్చిన ప్రతివాళ్లూ "ఏమన్నా కావాలంటే చెప్పమ్మా" అని లేచి పోయేవాళ్లు. ఏం చెప్తాం? పరామర్శకు వచ్చినవాళ్లకు చాయ్ పెట్టడం, వాళ్లు అత్తమ్మ పక్కనే నిలబడి "డాక్టర్లు ఇంకెన్ని రోజులంటున్నరు" అని అడిగితే నవ్వలేక ఏడవలేక నిలబడటం, అదొక అదనపు పని. మీరు వెళ్తే చాయ్ తాగకండి. వద్దన్నా పెడతారు, అయినా తాగకండి.

మా పక్కింట్లో ఇంటర్ చదివే అమ్మాయి ఉండేది. వాళ్లమ్మ పంపిందో తనకే అనిపించిందో కానీ ఒక గురువారం మధ్యాహ్నం మూడింటికి వచ్చి "ఐదింటి దాకా నేనుంట, నువ్వు పో ఆంటీ" అంది. మొదటి వారం నాకు ఎక్కడికి పోవాలో తెలియలేదు. పక్కగదిలో తలుపు దగ్గరికేసి పడుకుని, ఆ అమ్మాయి ఏమనుకుంటుందోనని అరగంటకే లేచి కూర్చున్నాను. మూడో వారం నుంచి నిద్రపోయాను. మందులు తేవడానికి కాదు, గుడికి కాదు, నిద్రకు. ఆ పిల్ల పేపర్ తెచ్చి అత్తమ్మకు రాశిఫలాలు చదివేది, "అమ్మమ్మా, నీకు ఈ వారం ప్రయాణ సూచన ఉన్నదట" అంటే అత్తమ్మ మూతి ఒక పక్కకే నవ్వేది. నాతో ఉన్నప్పుడు అలా నవ్వింది తక్కువ.

ఒక గురువారం చెప్పకుండా రాలేదు. పరీక్షలట, పాపం. ఆ రోజు నాలుగింటి దాకా గేటు వైపు చూసి, తర్వాత గిన్నెలు తోముతూ ఏడ్చాను. అందుకే చెప్తున్నా, పద్నాలుగు ఇళ్లూ ఒకేసారి మొదలుపెట్టకండి. నాలుగు ఇళ్లు పట్టుకోండి, ఏ రోజు ఏ టైం అంటే ఆ టైంకు వెళ్లండి, రాలేకపోతే ముందు రోజే ఫోన్ చేయండి.

ఫోటోల సంగతి. మా అత్తమ్మ నైటీలో, డైపర్‌తో ఉన్నప్పుడు ఎవరైనా ఫోన్ తీస్తే నేను చెప్పు తీసేదాన్ని. డబ్బులిచ్చేవాళ్లకు బిల్లులు పంపండి.

ఇంకోటి, ఆరోగ్యశ్రీ పది లక్షలు అంటారు, అది ఆసుపత్రిలో ఉన్నంతసేపే. ఇంటికొచ్చాక మాకు వచ్చిన పింఛను 2,016 రూపాయలు, పది డైపర్ల ప్యాకెట్‌కు నేను నాలుగు వందల పైనే పెట్టేదాన్ని, రోజుకు మూడు పడేవి. లెక్క మీరే వేసుకోండి.

కోర్టు గుమాస్తా, నల్లగొండ:

నన్ను తిట్టుకోండి పర్లేదు. ముప్పై ఏళ్లుగా వకీలు ఆఫీసులో కాగితాలు మోస్తున్నాను కాబట్టి నాకు ముందు చెడే కనపడుతుంది.

మెడికల్ షాపు తమ్మీ, డైపర్లు ఎవరు కొంటున్నారో చూసి లిస్టు రాశావు చూడు, అదే మొదటి తప్పు. ఎవరింట్లో ఏ రోగముందో నీ కౌంటర్ దగ్గర తెలిసింది కౌంటర్ దగ్గరే ఉండాలి. ఆశమ్మ ద్వారా అడిగించి, రమ్మన్న ఇంటికే పొండి. ఆ ఇళ్లకు నీ షాపు మందులు నువ్వే పట్టుకుపోకు. నువ్వు మంచోడివే కావచ్చు, రేపు ఎవడో ఒకడు "బేరం కోసం వస్తున్నడు" అంటాడు, ఏడుగురి పనీ ఆగిపోతుంది.

ఒంటరిగా ఎవరూ పోవద్దు. ఇద్దరు పోవాలి, ముసలామె ఉన్న ఇంటికి ఇద్దరిలో ఒకరు ఆడపిల్ల ఉండాలి. ఆ అక్క స్నానానికి పోయేటప్పుడు పుస్తెలతాడు తీసి గూట్లో పెడుతుంది, అది కనపడకపోతే ఎవరి మీదికి వస్తుందో ఆలోచించు. బీరువా గదికి తాళం వేసుకొమ్మని మీరే చెప్పండి, ఆమె నొచ్చుకోదు.

అన్నిటికంటే పెద్దది భూమి. ముగ్గురు కొడుకులుంటారు, ఒకడి దగ్గర తల్లి ఉంటుంది, మిగతా ఇద్దరికీ ఎప్పుడూ అనుమానమే, వేలిముద్ర పెట్టించుకుంటాడేమోనని. ఈ మధ్యలో మీరు రోజూ పోయొస్తుంటే మిమ్మల్ని సాక్షి సంతకం పెట్టమంటారు. పెట్టొద్దు. పాస్‌బుక్ చేత్తో పట్టుకోవద్దు, ఏటీఎం కార్డు తీసుకుని డబ్బులు తెచ్చివ్వొద్దు, ఎంత బతిమాలినా సరే.

తిండి పెట్టట్లేదు, కొడుతున్నారు అని తెలిస్తే మీరు పంచాయితీ చేయకండి. 14567 ఎల్డర్‌లైన్, పెద్దవాళ్ల కోసం పెట్టిన నంబరు, పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది, డబ్బులు పడవు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది, అక్కడ వకీలు అక్కర్లేదు (మా పొట్ట కొట్టే చట్టమే అనుకోండి). చూసుకుంటానని షరతు రాసి భూమి రాయించుకుని తర్వాత వదిలేస్తే, ఆ చట్టం 23వ సెక్షన్ కింద ఆ గిఫ్ట్ డీడ్‌ను రద్దు చేయించొచ్చు. కాగితంలో ఆ షరతు లేకపోతే మాత్రం చాలా తిప్పలు.

లెక్కల సారు:

గుమాస్తా గారు చెప్పినవి కరుకుగా ఉన్నా వినాల్సినవే. నాది మర్రిగూడ మండలం, జిల్లా పరిషత్ స్కూల్లో లెక్కలు చెప్పి దిగాను. నా భార్యకు మతిమరుపు జబ్బు, ఐదేళ్లుగా నేనే చూసుకుంటున్నాను. మగవాళ్లు కూడా చేస్తున్నారని ఒక మాట రాద్దామని వచ్చాను, అందరూ కోడళ్ల గురించే రాస్తున్నారు. మగవాడు అడగడు కూడా. మా చుట్టాలు "కోడలిని పిలిపించుకో" అంటారు తప్ప వచ్చి పూట కూర్చోరు.

మీ బాబులు మా వైపు, చండూరు, మునుగోడు, నాంపల్లి వైపు వచ్చినా, అక్కడి పెద్దవాళ్లు మీ ఊళ్లో ఉన్నా, ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగిన ఒంటిని పెరాలసిస్ మనిషిని తిప్పినట్టు తిప్పకూడదు. వెన్ను కర్రలా బిగుసుకుని ఉంటుంది, మెడ తిరగదు, మోకాళ్లు చాపుకోలేరు. ఎముక చూడటానికి గట్టిదే, సుద్దముక్కలా పుటుక్కున విరుగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టాలని చూడకండి, వాళ్లు ముప్పై ఏళ్లుగా ఏ వంపులో పడుకుంటున్నారో ఆ వంపుకు మెత్తలు సర్దండి. ఎలా తిప్పాలో వాళ్లనే అడగండి, వాళ్ల ఒంటి సంగతి వాళ్లకే తెలుసు. మిషన్ భగీరథతో కృష్ణ నీళ్లు వచ్చాయి, పిల్లల పళ్లు తెల్లగా ఉంటున్నాయి, సంతోషమే, కానీ వంగిన నడుములు అలాగే ఉన్నాయి.

మతిమరుపు మనిషి దగ్గర కూర్చోవడం ఇంకో రకం. నా భార్య సాయంత్రమైతే "నేను మా ఇంటికి పోత" అని చెప్పులు వేసుకుంటుంది. ఇదే మన ఇల్లు అని నేను రెండేళ్లు వాదించాను, దండగ. ఇప్పుడు "పోదాం పద, చాయ్ తాగి పోదాం" అంటాను. చాయ్ తాగేలోపు మర్చిపోతుంది. మీ పిల్లలకు ఇది చెప్పండి, వాదించొద్దు, పరీక్ష పెట్టొద్దు. "నేనెవరు చెప్పు" అని అడిగేవాళ్లను నేను గుమ్మం దాటనివ్వను.

కేరళలో ఇదే పనిని కోజికోడ్ డాక్టర్లు 1993లో మొదలుపెట్టారు, తర్వాత మలప్పురం ఊళ్లలో మామూలు మనుషులే అందుకున్నారు. వారానికి రెండు గంటలు ఇవ్వగలిగినవాళ్లను చేర్చుకుని, 16 గంటలు పాఠం చెప్పి, నాలుగు రోజులు అనుభవమున్నవాళ్లతో ఇళ్లకు తిప్పేవారు. మీ అక్క అడిగింది కూడా రెండు గంటలే, చూశారా.

పుణె మేస్త్రీ:

అన్నా మాది కోస్గి దిక్కు. నేను పుణెలో సెంట్రింగ్ పని, నా భార్య కూడా ఇక్కడే. అమ్మ ఒక్కతే ఊళ్లో ఉంది, మోకాళ్లు పోయినయ్, గడప దాటదు. మా వాడకట్టులో సగం ఇళ్లల్లో ఇట్లనే, ముసలివాళ్లు, తాళాలు. ఇక్కడ మీరంతా కోడలికి రెస్టు గురించి మాట్లాడుతున్నారు, మా అమ్మకు కోడలే దగ్గర లేదు, ఏం చేయాలి?

మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పొద్దున ఏడు లోపల అమ్మ నాకు మిస్డ్ కాల్ ఇవ్వాలి. రెండో నంబరు నొక్కి పట్టుకుంటే నాకే వస్తుంది. ఏడున్నరకు రాకపోతే ఎదురుగా కిరాణం ఆయనకు చేస్తాను, ఆయన పోయి చూస్తాడు. ఒకసారి రాలేదు, ఆయనా ఎత్తలేదు, నేను పది అంతస్తుల మీద నిలబడి వణికిపోయాను. చూస్తే చార్జింగ్ అయిపోయింది అంతే. ఆ రోజు నుంచి ఆయనకు కూడా ఎంతకని చెప్పను, సిగ్గేస్తుంది. మా ఊళ్లో మీలాంటి పోరగాళ్లు ఉంటే ఆ పొద్దటి చూపు వాళ్లు చూస్తే చాలు. పండ్లు నేనే పంపిస్తా.

పాలమూరు సిస్టరమ్మ:

మేస్త్రీ తమ్మీ, మోకాళ్లు పోయిన మనిషికి రాత్రిపూట బాత్రూం ఎక్కడుంది, ఇంట్లోనా వాకిట్లోనా? ఊళ్లల్లో పడేది అక్కడే, తుంటి విరిగేది అక్కడే. గడప దగ్గర సిమెంటు వాలు, గోడకు పట్టుకోవడానికి ఇనుప పైపు, మంచం పక్కన కమోడ్ కుర్చీ. నువ్వు మేస్త్రీవే కదా, ఈసారి ఊరికి వచ్చినప్పుడు ఒక్కరోజు పని. రాత్రి ఒక చిన్న బల్బు వెలుగుతూ ఉండనివ్వు, కరెంటు బిల్లు గురించి అమ్మ తిడుతుంది, తిట్టనివ్వు.

నకిరేకల్ పోరడు:

ఇన్ని రోజులు రాయలేదు, క్షమించండి. మూడు వారాలైంది. గుమాస్తా సార్, మీ మాట గుచ్చుకుంది కానీ నిజం. లిస్టు చింపేశాం. ఆశా అక్క తిరిగి అడిగితే ఐదిళ్లు రమ్మన్నారు, రెండిళ్లు మొహం మీదే వద్దన్నాయి, మిగతావాళ్లు చూద్దాం అన్నారు. జిల్లా ఆసుపత్రిలో సిస్టర్ ఒకామె మా నలుగురికి మంచం మీద నన్నే పడుకోబెట్టి చీరతో తిప్పి చూపించింది. నేను డెబ్బై ఎనిమిది కిలోలు, మావాళ్లు ఇంకా నవ్వుతున్నారు.

పోయిన ఆదివారం ఆ అక్క ఇంటికి నేనూ, అంగన్‌వాడీ చెల్లే వెళ్లాం. అక్క "రెండు గంటలే గదా" అని పదిసార్లు అడిగి పోయింది. మొదటి అరగంట ముసలామె నన్నే చూస్తోంది, నేను ఫ్యాన్ చూస్తున్నాను. చెల్లె పేపర్ తీసి రాశిఫలాలు మొదలుపెట్టింది, ఇక్కడ చదివిందే. ఆమె నవ్వలేదు. కళ్లు మూసుకుంది. తర్వాత చెల్లె గంగిరెద్దుల వాళ్ల ముచ్చట ఏదో చెబుతుంటే "ఊ" అంది. దగ్గొచ్చింది ఒకసారి, పక్కకు తిప్పాం, తగ్గింది. డైపర్ సంగతి రాలేదు, వస్తే చెల్లె చూసుకుంటానంది, నేను బయట నిలబడేవాణ్ని.

అక్క రెండు గంటలకు రాలేదు, మూడు గంటలకు వచ్చింది, రేషన్ షాపులో మిషన్ పనిచేయలేదట. తల తడిగానే ఉంది. వాకిట్లోనే ఆగి "మళ్ల ఆదివారం వస్తరా, నిజం చెప్పుండ్రి" అని అడిగింది. వస్తామన్నాం. చాయ్ పెడతానంది, మాజీ కోడలు అక్కా, తాగలేదు.

మేస్త్రీ అన్నా, మా ఊళ్లో కూడా ఒంటరిగా ఉన్నవాళ్లు ముగ్గురున్నారు, పాల ప్యాకెట్ వేసే పిల్లగాడితో మాట్లాడాం, తలుపు తీయకపోతే నాకు ఫోన్ చేస్తాడు. మీ ఊళ్లో పాలవాడెవరో కనుక్కో.

ఇప్పుడు ఒకటి కావాలి. ఎయిర్ బెడ్ (పుండ్లు పడకుండా మోటారుతో గాలి నింపే పరుపు) రెండిళ్లకు అవసరం ఉంది. ఒకరింట్లో అటక మీద ఒకటుంది కానీ పోయినవాళ్లదని ఎవరూ తీసుకోవట్లేదు, ఆ ఇంటివాళ్లూ ఇవ్వడానికి జంకుతున్నారు. సారు, మీవైపు ఎవరి దగ్గరైనా వాడకుండా ఉంటే చెప్పండి, మోటారు కాలిపోయినా పర్లేదు, మావాడు బాగుచేస్తాడు, ఆటో మేమే తెచ్చుకుంటాం.